ఫంక్షన్ చేశాం, మాట చెప్పలేదు

ఢిల్లీలో స్థిరపడ్డ తెలుగువాళ్లం పిల్లల పెంపకంలో దేనికీ వెనకాడలేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, శనివారం కూచిపూడి, ఆదివారం అబాకస్. ద్వారక నుంచి మయూర్ విహార్ దాకా మెట్రోలో తిప్పి మరీ సంగీతం నేర్పించాం. ఒంట్లో వస్తున్న మార్పుల గురించి, ఒకరిని ఇష్టపడటం గురించి, ఎదుటివాళ్లు వద్దంటే ఆగడం గురించి మాత్రం కూర్చోబెట్టి చెప్పింది లేదు. తీరిక లేక కాదు. సిగ్గుపడ్డాం. ఆ సిగ్గును సంప్రదాయం అనుకున్నాం.

మరి ఆ సంప్రదాయం సిగ్గుపడేదేనా? నోయిడాలో, గురుగ్రామ్‌లో అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ బుక్ చేసి మనం చేసే ఓణీల ఫంక్షన్ చూడండి. పదమూడేళ్ల పిల్ల పట్టు లంగా ఓణీలో కుర్చీలో కూర్చుని ఉంటుంది. పేరంటాళ్లు వరసగా వచ్చి అక్షింతలు వేస్తారు, చేతిలో చిమ్మిలి ఉండ పెడతారు. మేనమామ బట్టలు పెడతాడు. పైన డ్రోన్ కెమెరా తిరుగుతుంటుంది. ఆ పిల్ల రజస్వల అయిన సంగతి హాలు హాలంతటికీ తెలుసు. అదెందుకు వస్తుందో, నొప్పి ఎంతవరకు మామూలో, ఎప్పుడు డాక్టరుకు చూపించాలో ఆ పిల్లకు మాత్రం తెలియదు. మొదటిసారి స్కూలు బాత్రూమ్‌లో మరక చూసుకుని ఏదో పెద్ద జబ్బు చేసిందని వణికిపోయిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ తర్వాత వాళ్లకు మనం చెప్పిందల్లా దేవుడి గది వైపు రావద్దని.

పక్కనే తమ్ముడు ప్లేటు పట్టుకుని తిరుగుతుంటాడు. "అక్కకేమైందమ్మా?" అంటే "నీకెందుకురా, పోయి ఆడుకో" అంటాం. రేపు వాడికీ పంచెల ఫంక్షన్ చేస్తాం, వాడికీ ఏమీ చెప్పం. ఆడపిల్ల ఒంటి సంగతి దొంగచాటుగా తెలుసుకోవాల్సిన వ్యవహారమని వాడికి ఆ సాయంత్రమే అర్థమవుతుంది. వాడి చేతిలో ఫోన్ ఉంది. అది వాణ్ని పోయి ఆడుకోమనదు. అడిగిందానికి పదింతలు చూపిస్తుంది.

మన తరానికి చాటునైనా ఒక ఆధారం ఉండేది. నాస్తికవాది గోరా గారి అబ్బాయి, విజయవాడ వైద్యుడు డాక్టర్ సమరం స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి పాఠకుల సందేహాలకు జవాబులు రాశారు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆ పేజీ తిప్పినవాళ్లం మనం. దొంగతనంగా చదివినా అందులో ఉన్నది డాక్టరు మాట, భయం తీర్చే మాట. మన పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. దాని బదులు ఇంకేం ఇచ్చాం? ఢిల్లీలోనే 1996లో తార్షి అనే సంస్థ మొదలైంది. పేరు చెప్పకుండానే ఎవరైనా అడగడానికి టెలిఫోన్ హెల్ప్‌లైన్ నడిపింది. చిన్న పిల్లలకు, పెద్ద పిల్లలకు, తల్లిదండ్రులకు విడివిడిగా పుస్తకాలు వేసింది. మనం వాటి జోలికే పోలేదు.

తెలుగు చదవడం రాకపోయినా మాట్లాడటమైనా వస్తుందని పిల్లలకు తెలుగు సినిమాలు చూపించాం. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. హీరో కాలేజీ గేటు దగ్గర కాపు కాస్తాడు, బస్సెక్కి వెంటపడతాడు, హీరోయిన్ ఛీ కొట్టినా నవ్వుతాడు, రెండో సగానికి ఆమె కరుగుతుంది. ఆడామగా సంబంధం గురించి మన పిల్లలు తెలుగులో విన్న మొదటి పాఠం ఇది, పక్క సీట్లో అమ్మానాన్న ఉండగా విన్నారు. ఆ పాఠం ఎక్కడికి దారితీస్తుందో 2008 డిసెంబరులో వరంగల్ చూపించింది. కాదన్నందుకు ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజుల్లో ఎన్‌కౌంటర్‌లో నిందితులు చనిపోతే పోలీసులకు దండలు వేసి ఊపిరి పీల్చుకున్నాం. కొడుకులను కూర్చోబెట్టి, ఒక అమ్మాయి కాదంటే బాధ ఎలా ఉంటుందో, ఆ బాధతో ఏం చెయ్యాలో ఆ రాత్రి ఎంతమందిమి మాట్లాడాం?

బడి చెబుతుందిలే అనుకున్నాం. 2005లో కేంద్ర ప్రభుత్వం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. 2007 వచ్చేసరికి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, మరికొన్ని రాష్ట్రాలు వద్దని ఆపేశాయి. విషయం పిటిషన్‌గా రాజ్యసభ పిటిషన్ల కమిటీకి వెళ్లింది. ఆ కమిటీకి అధ్యక్షులు మన వెంకయ్యనాయుడు గారే. బడుల్లో లైంగిక విద్య వద్దని, పెళ్లికి ముందు ఆ సంబంధం తగదన్న సందేశం పిల్లలకు అందాలని కమిటీ 2009లో తేల్చింది. మన పెద్దమనిషి మన ఊళ్లో కూర్చుని మన పిల్లల సంగతి తేలుస్తుంటే, మన తెలుగు సంఘాల్లో దానిమీద ఒక్క సాయంత్రం చర్చ జరిగిన గుర్తు నాకు లేదు. తప్పు కమిటీ మీదకు నెట్టి లాభం లేదు. మనం ఇంట్లో పాటిస్తున్న మౌనాన్నే వాళ్లు కాగితం మీద పెట్టారు. పెళ్లే హద్దు అని చెబితే చాలనుకునేవాళ్లం ఇంకో లెక్క కూడా చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. వాళ్లకు పెళ్లినాటికైనా ఎవరైనా ఏమైనా చెప్పారా?

ఢిల్లీ మనల్ని పదేపదే హెచ్చరించింది. 2004లో దక్షిణ ఢిల్లీలోని పేరున్న బడి పిల్లల వీడియో ఒకటి ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది, ఒక వేలం వెబ్‌సైట్‌లో అమ్మకానికి కూడా వచ్చింది. పెద్దలు దాన్ని వెతుక్కుని మరీ చూశారు, ఆ అమ్మాయి గుణం గురించి మాట్లాడుకున్నారు. ఆ వీడియో చూడటమే ఆ పిల్ల మీద ఇంకో దెబ్బ అని మన కొడుకులకు చెప్పలేదు. పదహారేళ్ల తర్వాత, 2020 మే నెలలో, లాక్‌డౌన్ నడుస్తుండగా 'బోయిస్ లాకర్ రూమ్' బయటపడింది. ఇన్‌స్టాగ్రామ్ గుంపులో ఢిల్లీ మగపిల్లలు తోటి ఆడపిల్లల ఫొటోలు పెట్టుకుని వాళ్ల శరీరాల గురించి రాసుకున్నారు. ఆడపిల్లలే ధైర్యం చేసి స్క్రీన్‌షాట్లు బయటపెట్టారు. మన అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వారమంతా నడిచిన చర్చ ఒక్కటే: కూతుళ్ల అకౌంట్లు ఎలా ప్రైవేట్ చెయ్యాలి? కొడుకులతో ఏం మాట్లాడాలని ఎవరూ అడగలేదు.

చట్టం గురించి కూడా మనం పిల్లలకు చెప్పలేదు. పద్దెనిమిది నిండనివాళ్ల ఇష్టాన్ని 2012 నాటి పోక్సో చట్టం లెక్కలోకి తీసుకోదు. పదిహేడేళ్ల పిల్లాడు తన క్లాస్‌మేట్‌తో ప్రేమలో పడి కేసులో ఇరుక్కోవచ్చని వాడికి తెలిసేది స్టేషన్‌లో. గర్భం దాల్చిన మైనరు ఆసుపత్రికి వెళ్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. అయితే గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని ఢిల్లీ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. ఇది తెలియక, అమ్మకు తెలుస్తుందని, పరువు పోతుందని, మెడికల్ షాపులో దొరికిన మాత్ర మింగే పిల్లకు ప్రాణం మీదకు వస్తుంది. "ఏం జరిగినా ముందు నా దగ్గరికి రా" అన్న మాట ఆ పిల్ల మన నోట ఎప్పుడూ వినలేదు.

ఢిల్లీలో తెలుగు పిల్లల కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని 1948లో పెట్టింది దుర్గాబాయమ్మ. ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారు. ఊహ వచ్చాక ఆ కాపురం తనకు వద్దని ఆమె తేల్చి చెప్పింది, ఇంట్లోవాళ్లు ఆమె వెంట నిలబడ్డారు. వందేళ్ల కిందటే ఒక తండ్రి కూతురి మనసులోని మాట వినగలిగాడు. ఆవిడ ఫొటోకు దండ వేసే మనం, మన కూతురు "వాడు నాతో సరిగ్గా ఉండట్లేదు" అనబోతే "వాడెవడు?" అని మొదలుపెడతాం. అక్కడితో ఆ సంభాషణ అయిపోతుంది.

చెయ్యలేని పనేమీ కాదు. పలు రాష్ట్రాలు పుస్తకాలు మూస్తున్న రోజుల్లోనే ఝార్ఖండ్ 'ఉడాన్' పేరుతో ప్రభుత్వ బడుల్లో ఈ పాఠాలు చెప్పించింది. 2024 సెప్టెంబరులో వచ్చిన ఒక సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉడాన్‌ను ప్రస్తావించింది. లైంగిక విద్య పాశ్చాత్యుల సరుకన్న అపోహ పోవాలంది. మనకన్నా పేద రాష్ట్రం అది. మనకైతే ఎయిమ్స్‌లో, సఫ్దర్‌జంగ్‌లో తెలుగు డాక్టర్లున్నారు. ఉగాదికి పక్కన కూర్చుని పచ్చడి తింటారు, కార్తీకంలో వనభోజనాలకు వస్తారు. మన బీపీ మాత్రలు మార్చమని, పెద్దాయన మోకాలి రిపోర్టు చూడమని అక్కడే అడుగుతాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మగపిల్లలను, ఆడపిల్లలను ఓ గంట కూర్చోబెట్టి వాళ్లు అడిగినదానికల్లా జవాబు చెప్పండి అని ఇంతవరకు ఒక్క డాక్టరునూ అడగలేదు. వాళ్లు రామన్నారా అంటే, లేదు.