సీతమ్మ గారి పొయ్యి వెనక పొలం

బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. సంతోషం. పెట్టదగ్గ పేరే. అయితే సభల్లో ఆమె గురించి మాట్లాడేవాళ్లు ఆమె ఫొటోకి దండ వేసి, మహాతల్లి అని రెండు చేతులూ జోడించి కూర్చుంటున్నారు. ఆమె ఒక రైతు ఇంటి కోడలనీ, ఆ ఇంట్లో ఉడికిన అన్నం ఆ ఇంటి పొలంలోంచే వచ్చిందనీ చెప్పేవాళ్లు కనబడటం లేదు. అది చెప్పవలసింది మనమే.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. ఆమె తండ్రి భవానీశంకరం గారు ఆకలితో వచ్చినవాళ్లకి అన్నం పెట్టేవారని ఊళ్లో ఆయన్ని 'బువ్వన్న' అని పిలిచేవారట. లంకల గన్నవరం నుంచి పొరుగూరు వెళ్తూ డొక్కా జోగన్న గారు ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లో భోజనానికి దిగారనీ, ఆ పరిచయమే పెళ్లిదాకా వచ్చిందనీ చెబుతారు. జోగన్న గారు వేదం చదువుకున్నారు. భూమి ఉన్న రైతు కూడా.

గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. నది దాటితే నగరం లంక, ఆపైన రాజోలు, అంతర్వేది. ఆ రోజుల్లో వంతెన లేదు, బస్సు లేదు. పడవ దొరికితే దాటాలి, లేదంటే రేవులో పడుకోవాలి. వరదొస్తే ఎన్నాళ్లు ఆగాలో ఎవరికీ తెలియదు. డబ్బిచ్చి తినడానికి ప్రతి రేవులోనూ పూటకూళ్ల ఇల్లు ఉండేది కాదు, ఉన్నా అందరి చేతిలోనూ డబ్బు ఉండేది కాదు. అలాంటి దారిలో ఈ రైతు ఇల్లే సత్రమైంది. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగించేవారనీ, కులం మతం చూడకుండా పెట్టేవారనీ ఈనాటికీ కోనసీమలో చెప్పుకుంటారు. ఆమె ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరి, దారిలో ఒక పెళ్లివారి బృందం 'ఇంకాసేపట్లో సీతమ్మ గారి ఇంటికి చేరతాం, అన్నం తిందాం' అని ఆకలితో ఉన్న పిల్లలకి చెబుతుంటే విని, పల్లకీ వెనక్కి తిప్పించి వాళ్లకంటే ముందు ఇల్లు చేరారన్న కథ మీలో చాలామంది వినే ఉంటారు.

మనం చూడవలసింది ఆ పొయ్యి వెనక జరిగిన పని. అప్పటికి ఊళ్లో బియ్యం మిల్లు లేదు. గాదెలోంచి ధాన్యం తియ్యాలి, ఎండబెట్టాలి, దంచాలి, చెరగాలి. పదిమంది వస్తారనుకున్న పూట యాభైమంది వస్తే మళ్లీ రోకలి పట్టాలి. కూరకి పెరట్లో కంద, అరటి, పెండలం ఉండాలి. మజ్జిగకి పాడి ఉండాలి. దుక్కి దున్నినవాళ్లు, దంచినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంకో సంగతి. సీతమ్మ గారు పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందే నందన కరువు వచ్చింది. పక్కన గోదావరి పారుతున్నా జనం తిండిలేక చచ్చిపోయారు. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. ఆ రోజుల్లోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 తూములతో అక్విడక్టు లేచి, కాలువ నీరు నది మీదుగా నగరం లంకకి చేరింది. అంటే ఆమె కాపురానికి వచ్చేసరికి కాలువ కింద వరి నమ్మకంగా పండే రోజులు మొదలయ్యాయి. ఆమె మనసు పెద్దదే, కాదనం. కానీ మనసుతో ఎసరు మరుగుతుంది గానీ గాదె నిండదు. గాదె నింపింది వేళకి వచ్చిన నీరు.

అంత చేసినా ఆ ఇంటి ఆస్తి కరిగిపోతూ వచ్చిందని చెబుతారు. అదే రైతుల దగ్గర ఏటా శిస్తు కట్టించుకున్న దొరల ప్రభుత్వం, 1903లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకలకి ఆమెను రమ్మని పిలిచిందనీ, ఆమె వెళ్లకపోతే ఫొటో తీయించి తీసుకెళ్లిందనీ అంటారు. పాలకులకి ఫొటో మీద ఎప్పుడూ మక్కువే.

ఆమె 1909లో కన్నుమూశారు. పాత అక్విడక్టు పక్కన 2000లో కట్టిన కొత్తదానికి ఆమె పేరే పెట్టారు. ఆ కాలువల కింద రైతులే 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించారు. అన్నపూర్ణ అనిపించుకున్న కోనసీమలో వేల ఎకరాల్లో నాట్లు పడలేదు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం, ధర గిట్టకపోవడం, కూలి ఖర్చు పెరగడం, ఇవే కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ తర్వాత కూడా ఏటా వానాకాలంలో కూనవరం, వాసాలతిప్ప డ్రెయిన్ల కింద రైతులు ఆకాశంకేసి భయంగానే చూస్తున్నారు.

2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకి లెక్క కడితే 1,777 లోపే. తేమ శాతం పేరు చెప్పి కోసేది వేరు. పొలం దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులు. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పెట్టేవారు తక్కువ. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట పోతే పరిహారం రాదు. పంట కల్లంలోనే తూకానికి వెళ్లిపోతుంది, తినడానికి బియ్యం దుకాణంలో కొనుక్కుంటున్నాం. గాదె అంటే ఏమిటో మన పిల్లలు మనల్నే అడుగుతున్నారు. ఈ స్థితిలో ఏ రైతు ఇల్లు దారినపోయేవాడిని పిలిచి విస్తరి వేస్తుంది?

ఇక ఆమె పేరున్న భోజనం మాట. ప్రాథమిక బడి పిల్లవాడికి పప్పు, కూరలు, నూనె, వంటచెరకు అన్నీ కలిపి కేంద్రం 2025 మే నుంచి ఖరారు చేసిన ఖర్చు పూటకి 6 రూపాయల 78 పైసలు. రాష్ట్రం గుడ్డు, చిక్కీ కలుపుతోంది, మంచిదే. అయినా ఆ సొమ్ముతో వంటచేసే అక్కచెల్లెళ్లు సంతలో చవగ్గా ఏది దొరికితే అదే తెస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

మేం అడిగేవి ఇవి. బడి భోజనానికి కావలసిన కూరగాయలు, పప్పులు ఆ మండలంలోని చిన్న, కౌలు రైతుల దగ్గరే గిట్టుబాటు ధరకి కొనాలి, అందుకు తగ్గట్టు ఆ 6.78ని పెంచాలి. యజమాని సంతకం అక్కర్లేకుండా గ్రామసభ గుర్తింపు మీద కౌలు కార్డు ఇవ్వాలి. కాలువలు కట్టే వేసవిలోనే డ్రెయిన్ల పూడిక, గుర్రపుడెక్క తీయించాలి. ఈ మూడూ రాసిన అర్జీ నమూనాను మీ మండల కమిటీలకి పంపుతున్నాం. సంతకాలు పెట్టించి కాలువలు కట్టేలోపు తహశీల్దారు కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.