పాము నుంచి జింక దాకా

వండిన కూరలో దొరికిన ముక్క మేకదా, దుప్పిదా? అడవి జంతువుల వేట కేసులు చాలాకాలం ఈ ప్రశ్న దగ్గరే వీగిపోయేవి. తోలు ఉండదు, కొమ్ములు ఉండవు. ఉడికితే ప్రోటీన్లు రూపు మారిపోతాయి కాబట్టి వాటిమీద ఆధారపడే పరీక్ష తేల్చలేదు. 'మేక మాంసమే సార్' అని నిందితుడు అంటే కాదనే దారి అటవీ అధికారికి ఉండేది కాదు. ఆ దారి చూపినవారిలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ముఖ్యుడు.

ఆయన మొదట పట్టుకున్నది అడవిని కాదు, పామును. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారీలో పుట్టి, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై పీహెచ్‌డీ చేశారు. మనుషుల్లో జత కుదరని క్రోమోజోములు మగవాడికి ఉంటాయి, పాముల్లో ఆడదానికి. ఎందుకలా? ఈ కుతూహలంతోనే ఎడిన్‌బరోలో ఏళ్ల తరబడి పనిచేశారు. నలుపు పసుపు పట్టీల కట్లపాము డీఎన్‌ఏలో నాలుగక్షరాల వరస ఒకటి పదేపదే తిరిగి రావడం గమనించారు. అదే వరస ఎలుకల్లోనూ మనుషుల్లోనూ కనిపించింది. దాన్ని ఆనవాలుగా వాడితే డీఎన్‌ఏలో బయటపడే పట్టీల అమరిక మనిషికీ మనిషికీ మారుతుంది. 1987లో హైదరాబాద్ వచ్చి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో చేరాక మన సొంత డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను ఆయన దీనితోనే తయారుచేశారు. కట్లపాము మీద పరిశోధన అంటే అప్పట్లో ఎవరైనా 'దీనివల్ల దేశానికేం ఒరుగుతుంది' అనే అడిగి ఉంటారు. ఆ ప్రశ్నతో నిధులు ఆపేసే అలవాటు మనకు ఇప్పటికీ పోలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇక కూరలో ముక్క సంగతి. ఒక్కో కణంలో మైటోకాండ్రియా వందల్లో ఉంటాయి. అందుకే ఉడికినా, కుళ్లినా వాటి డీఎన్‌ఏ కొంతైనా మిగులుతుంది. అందులోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో ఒక భాగాన్ని సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఎంచుకున్నారు. దానికి రెండువైపులా ఉన్న వరసలు వెన్నెముక ఉన్న జంతువులన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటాయి, నడుమ భాగం మాత్రం జాతినిబట్టి మారుతుంది. కాబట్టి ఏ జంతువో ముందే ఊహించనక్కర్లేదు. ఆ నడుమ భాగాన్ని చదివి, తెలిసిన జాతుల వివరాలతో పోల్చి చూస్తే చాలు.

లాల్జీ సింగ్ సీసీఎంబీ డైరెక్టర్‌గా ఉన్న 1998-2009 కాలంలోనే హైదరాబాద్ అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల 'లాకోన్స్' రూపుదిద్దుకుంది. 2007లో అబ్దుల్ కలాం దాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడి శాస్త్రవేత్తల కృషితో కృత్రిమ గర్భధారణ ద్వారా 2006లో చుక్కల దుప్పి పిల్ల, ఆ మరుసటి ఏడాది కృష్ణజింక పిల్ల పుట్టాయి. లాకోన్స్ తోడ్పాటుతో హైదరాబాద్ జూలో పెంచిన మూషిక జింకలను అమ్రాబాద్ అడవిలో వదిలారు.

2017లో లాల్జీ సింగ్ కన్నుమూశారు. ఆయన చూపిన దారి ఇక్కడా పనికొస్తుంది: అడవిలో వదిలిన ఆ మూషిక జింకలు బతుకుతున్నాయా, పిల్లల్ని పెడుతున్నాయా అన్నది వాటి పెంటికల్లోని డీఎన్‌ఏతో చూడవచ్చు. జింకల్ని వదిలిన రోజు ఫొటోలకు చూపే ఉత్సాహం ఆ తర్వాతి ఏళ్ల పరిశీలన మీద కనబడదు. దీనికయ్యే ఖర్చును ప్రాజెక్టు ముగియగానే ఆగిపోయే గ్రాంటుకు వదిలేయకూడదు. అటవీ శాఖ ఏటా తన బడ్జెట్‌లోనే చూపించాలి.