కప్పు కాఫీలో కోతగాని పాలు

శంషాబాదు విమానాశ్రయమున (2008లో తెఱచినది) కప్పు కాఫీకి వందల రూపాయలు పుచ్చుకొనుచున్నారు. పుచ్చుకొందురు గాక! పండు కోసిన చేతికి అందులో దక్కిన దెంత? అడుగువారు కానరారు.

మన విశాఖ మన్యమున కాఫీ యెట్లు పండునో పట్టణవాసు లెఱుగుదురా? అచ్చట కోతగాడే రైతు. కొండవాలున, చెట్లనీడను, ఎఱ్ఱబడిన పండ్లనే యేఱి కోయవలెను. సుమారు 6 కిలోల పండ్లు ఒలిచి యెండబెట్టినగాని కిలో గింజ రాదు. చిరకాలము సంత షావుకారు తన కాటాతో తూచి, తన ధర తానే చెప్పెను. దళారుల పీడకు విరుగుడుగా 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. నేడు రైతుల సహకార సంఘములును కలవు. 2017లో పారిసున అరకు కాఫీ దుకాణము తెఱచిరి. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. ఇంత పేరుగన్న పంటను గూర్చి శంషాబాదున మన నోట ప్రశ్నయే రాదు!

1922లో ఆ మన్యముననే బాటపనికి న్యాయమైన కూలి ఈయకపోవుటయు అల్లూరి సీతారామరాజు పితూరీకి ఒక కారణము. అరకు నేడు ఆయన పేరిటి జిల్లాలోనే యున్నది.

అంగడివారు ధరలపలకపై ఇంకొక వరుస వ్రాయవలెను: ఈ గింజ ఎవరియొద్ద, కిలో యే ధరకు కొంటిమో. వ్రాయనిచో కప్పు ముట్టక లేచిపోవుటకు మనకేమి సంకోచము?