రాయని కలానికి లక్షలు, రాసే చేతికి ప్రశ్నలు

2009లో గాంధీ జయంతికి కొద్ది రోజుల ముందు జర్మన్ కంపెనీ మాంట్‌బ్లాంక్ ఒక ఫౌంటెన్ పెన్నును మన దేశంలో విడుదల చేసింది. పేరు మహాత్మా గాంధీ లిమిటెడ్ ఎడిషన్. ధర 11 లక్షల రూపాయల పైమాటే. దండి యాత్ర సాగిన 241 మైళ్ళకు గుర్తుగా 241 పెన్నులే చేశారు. రాట్నం మీద వడికిన నూలుకు గుర్తుగా పెన్ను చుట్టూ బంగారు తీగ చుట్టారు. పాళీ మీద చేతికర్రతో నడుస్తున్న గాంధీ బొమ్మ చెక్కారు.

గొడవ అయింది. కేరళ హైకోర్టులో వ్యాజ్యం పడింది. జాతీయ చిహ్నాలు, పేర్లను వ్యాపారానికి వాడుకోవడాన్ని అడ్డుకునే 1950 నాటి చట్టం చర్చకు వచ్చింది. చివరికి 2010లో కంపెనీ ఇక్కడ అమ్మకాలు నిలిపివేసింది. ఆనాటి విమర్శలన్నింటిలో వినిపించిన మాట ఒక్కటే: కొల్లాయి కట్టిన మనిషి పేరుతో బంగారు పెన్నా, నిరాడంబరతకు ఇంత అవమానమా అని.

ఈ విమర్శతో నాకు పేచీ ఉంది. ఆ పెన్నును సమర్థించాలని కాదు. నిరాడంబరత అనే కొలబద్దతో కొలిస్తే ఆ కొలబద్ద చివరికి మన వీపు మీదే విరుగుతుంది. ఉన్నవాడు వదులుకుంటే అది త్యాగం. అసలు చేతికే అందనివాడికి వదులుకోవడానికి ఏముంది? చిరుగుల బట్టలే కట్టుకోవాలని, విరిగిన పాత్రల్లోనే తినాలని, ఇనుప నగలే పెట్టుకోవాలని శాస్త్రాలు శాసించిన మనుషులకు నిరాడంబరత ఎన్నడూ ఎంపిక కాదు, శిక్ష. అందుకే బాబాసాహెబ్ సూటు వేసుకున్నారు. ఆయనకు మంచి పెన్నులంటే ఇష్టమని దగ్గరగా చూసినవాళ్ళు రాసి పెట్టారు. ఊరూరా నిలిచిన ఆయన విగ్రహాన్ని చూడండి. నీలం కోటు, చేతిలో పుస్తకం, జేబులో పెన్ను. అక్షరం నేర్చుకునే హక్కే లేదన్న సమాజం ముందు ఆ జేబులో పెన్ను అలంకారం కాదు, ప్రకటన.

కాబట్టి మంచి పెన్ను కోరుకోవడం తప్పని నేను అనను. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఫెలోషిప్‌లో నెలనెలా కొంత దాచి బంగారు పాళీ ఉన్న పెన్ను ఒకటి కొన్నాను. ఒక రోజు సెమినార్‌లో నోట్సు రాసుకుంటుంటే పక్కన కూర్చున్న ఒక సారు చూసి, "ఏమయ్యా, ఫెలోషిప్ డబ్బులన్నీ ఇలాంటివాటికేనా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అదే శాఖలో అంతకంటే ఖరీదైన పెన్నులు జేబుకు తగిలించుకుని తిరిగేవాళ్ళను ఎవరూ అలా అడగడం నేను వినలేదు. వాళ్ళ చేతిలో పెన్ను అభిరుచి, మన చేతిలో దుబారా. ఇది చదువుతున్న విద్యార్థుల్లో చాలామందికి ఫోన్ విషయంలోనో, బూట్ల విషయంలోనో, పుస్తకాల విషయంలోనో ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. దానికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు.

మరి లిమిటెడ్ ఎడిషన్‌తో నాకున్న అభ్యంతరం ఏమిటి? ముందు పెన్ను ఎలా రాస్తుందో చూడాలి. పాళీ మధ్యలో సన్నటి చీలిక ఉంటుంది. కింద ఉన్న ఫీడ్ గుండా సిరా ఆ చీలికలోకి పాకి కాగితం మీదకు దిగుతుంది. పాళీ కొసన అరగని గట్టి మిశ్రమ లోహపు చిన్న గుండు ఉంటుంది. కాగితానికి తాకేది అదే. పాళీ బంగారమైనా ఉక్కైనా రాసేది ఆ గుండే. బంగారానికి సిరా వల్ల తుప్పు పట్టదు, కొంచెం మెత్తగా వంగుతుంది, అంతే. లక్షలు పలికే ప్రత్యేక ఎడిషన్లలో చాలావాటికి అదే కంపెనీ మామూలు పెన్నుల్లో వాడే తరహా పాళీ, ఫీడే ఉంటాయి. అదనంగా పెట్టే డబ్బు రాతకు కాదు. ఒంటి మీద ఉన్న లోహానికి, రాళ్ళకు, పనితనానికి, అన్నింటికంటే మించి మూత మీదో ఒంటి మీదో చెక్కిన అంకెకు.

241లో 17వది అని చెప్పే ఆ అంకె అసలు చెప్పేది ఒక్కటే: ఇది నీ దగ్గర ఉంది, ఇంకొకరి దగ్గర లేదు. అదే పెన్నును రేపు కంపెనీ లక్ష చేసి అమ్మితే పాళీ మారదు, సిరా మారదు, రాత మారదు. విలువ మాత్రం కూలిపోతుంది. అంటే ఆ విలువ వస్తువులో లేదు, ఇతరులకు దక్కకపోవడంలో ఉంది. ఇంకో విడ్డూరం కూడా ఉంది. సేకరణ లోకంలో ఒక్కసారి కూడా సిరా నింపని, పెట్టెతో, కాగితాలతో సహా భద్రంగా ఉన్న పెన్నుకే ఎక్కువ ధర. ఒక్క వాక్యం రాస్తే ధర తగ్గిపోతుంది. రాయడానికి పుట్టిన వస్తువు రాయకపోతేనే విలువైనదవుతుంది.

ఈ తర్కం మనకు కొత్తది కాదు. చదువు అందరిదీ అయితే దాని పవిత్రత పోతుందని, కొందరి దగ్గరే ఉంటేనే అది విద్య అని ఈ దేశంలో చాలాకాలం నడిచింది. మంత్రం విన్న చెవిలో సీసం పోయమన్నది ఆ తర్కమే. లిమిటెడ్ ఎడిషన్ పెన్ను, కులం ఒకటేనని నేను చెప్పడం లేదు. పెన్నును డబ్బుంటే కొనుక్కోవచ్చు. కులంలోంచి డబ్బు పెట్టి బయటపడలేం. ఆ తేడా చిన్నది కాదు. కానీ పక్కవాడికి లేకపోవడమే నా గొప్ప అనే భావన రెండింటికీ పునాది. మెట్ల సమాజంలో పెరిగిన మనకు ఆ భావన మరీ సులువుగా ఒంటబడుతుంది. మనలో చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళకు కూడా.

దీనికి ఒక న్యాయమైన జవాబు ఉంది. ఇలాంటి పెన్నుల వెనుక చేతిపని ఉందంటారు. నిజమే. జపాన్‌లో నమికి పెన్నుల మీద లక్క పూసి, బంగారు పొడి చల్లి బొమ్మలు వేసే మాకి-ఎ కళాకారులు ఒక్కో పెన్నుకు నెలల తరబడి పని చేస్తారు. పెన్ను మీద తమ సంతకం కూడా పెడతారు. ఆ పనికి తగ్గ ధర ఇవ్వడాన్ని నేను గౌరవిస్తాను. అయితే బ్రాండు పేరుకు, అంకెకు కట్టే ధరను కళాకారుడి చెమట పేరు చెప్పి సమర్థించకూడదు. చేతిపనిని గౌరవించాలంటే దగ్గర్లోనే చూడవచ్చు.

రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం బంగారు పని చేసే మనిషి. స్వదేశీ వస్తువు చేయమన్న గాంధీ మాట విని 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. రత్నం పెన్ను అందుకున్న గాంధీ 1935లో ఆయనకు లేఖ రాశారు. అదే ఊళ్ళో గైడర్ పెన్నులు వచ్చాయి. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, ఒక్కో మూతను చేత్తో మరలు కోసి బిగించే ఈ పెన్నులు కొన్ని వేలకే దొరుకుతాయి. పాళీ పాడైతే మారుస్తారు, కారితే బాగుచేస్తారు. గాంధీ వాడింది ఇలాంటి పెన్ను. గాంధీ పేరు పెట్టుకున్నది ఆ 241.

రాజమండ్రి గురించి చెప్పేటప్పుడు మనం ఇంకో కలాన్ని మరిచిపోకూడదు. కుసుమ ధర్మన్నది ఆ ఊరే. ఊరంతా తెల్ల దొరతనం వద్దని పాడుతున్న రోజుల్లో "మాకొద్దీ నల్లదొరతనము" అని రాసిన దళిత కవి, వైద్యుడు, "జయభేరి" పత్రిక నడిపిన సంపాదకుడు. ఆయన ఏ పెన్నుతో రాశారో ఎవరూ భద్రపరచలేదు. రాసింది మాత్రం నిలిచింది.

అసలు మన చరిత్రలో అత్యంత బరువైన ఫౌంటెన్ పెన్నుల కథ 1932 సెప్టెంబర్ 24 నాటిది. పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాక రాజగోపాలాచారి సంతోషంతో తన పెన్నును అంబేడ్కర్ పెన్నుతో మార్చుకున్నారని బాబాసాహెబ్ జీవిత చరిత్ర చెబుతుంది. ఆ రెండింటిలో ఒకటి ఈ రోజు వేలానికి వస్తే కొనడానికి సంపన్నులు పోటీ పడతారు. వాళ్ళకు అది అరుదైన వస్తువు. మనకు గుర్తొచ్చేది ఆ సంతకంతో చేజారిన ప్రత్యేక నియోజకవర్గాలు. పెన్ను విలువ దాని ఒంట్లో ఉండదు, అది ఏం రాసిందన్న దానిలో ఉంటుంది. ఆ విలువను గాజు పెట్టెలో పెట్టి అమ్మలేరు.

బాబాసాహెబ్ కూడా సేకర్తే కదా అని అడగవచ్చు. అవును, మహా సేకర్త. న్యూయార్క్‌లో తిండి తగ్గించుకుని పుస్తకాలు కొన్నారు. 1917లో లండన్ నుంచి తిరిగి వస్తూ విడిగా పంపిన సామాను ఓడతో పాటు సముద్రంలో మునిగిపోయింది. అయినా మళ్ళీ కొన్నారు. దాదర్‌లో రాజగృహ కట్టుకున్నదే పుస్తకాల కోసం. అయితే ఆ పుస్తకాల నిండా ఆయన గీతలు, అంచుల్లో రాతలు. సేకరణ మార్కెట్ లెక్కలో అవి పాడైన పుస్తకాలు. వాటిలో చాలావరకు తర్వాత ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించిన సిద్ధార్థ కళాశాలకు చేరాయి. వాడటం కోసం సేకరించడం, చివరికి నలుగురికీ తెరిచి ఉంచడం. ఆయన సేకరణ నీతి అది.

ఆ నీతిని ఆయన పేరుతో సామాన్యులే ముందుకు తీసుకెళ్తున్నారు. డిసెంబర్ 6న చైత్యభూమికి వచ్చేవాళ్ళు పూలదండలకు బదులు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తెచ్చి ఇవ్వాలని మహారాష్ట్రలో "ఏక్ వహీ, ఏక్ పెన్" పేరుతో ఉద్యమం నడుస్తోంది. అక్కడ పోగయ్యే పెన్నులకు అంకెలుండవు. ఎన్ని ఎక్కువైతే అంత విలువ. లిమిటెడ్ ఎడిషన్‌కు ఇంతకంటే సూటి జవాబు నాకు కనబడలేదు.

ఈ రోజు నెట్ పాసై జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న విద్యార్థికి నెలకు వచ్చేది 37,000 రూపాయలు. ఆ గాంధీ పెన్ను కొనాలంటే రెండున్నరేళ్ళ ఫెలోషిప్‌లో ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు. ఆ ఫెలోషిప్ అయినా నెలనెలా సమయానికి రావడం లేదని విద్యార్థులు రోడ్డెక్కాల్సి వస్తోంది. మన పోరాటం అక్కడ ఉండాలి.

పెన్ను విషయంలో నేను తోటి విద్యార్థులకు చెప్పేది ఇదే. మీకు నచ్చిన మంచి పెన్ను కొనుక్కోండి. ఎవరైనా అడిగితే తల దించుకోకండి. సిరా నింపండి, గీతలు పడనివ్వండి, పాళీ అరిగేదాకా థీసిస్ రాయండి. అధ్యాపకులైన మనలాంటివాళ్ళం రెండో పెన్ను కొనేటప్పుడు హాస్టల్లో ఉన్న ఒక పిల్లకో పిల్లాడికో మొదటి పెన్ను కొనిద్దాం. జేబులో పెన్ను ప్రకటనైతే, అది ఎంతమంది జేబుల్లో కనిపిస్తే అంత గట్టిగా వినిపిస్తుంది.

జై భీమ్.