నెమలి: ఊరి పేరే మొదటి పాఠము

తిరువూరు ప్రాంతమున, గంపలగూడెము మండలములో నెమలి యను గ్రామము కలదు. వేణుగోపాలస్వామి ఆలయమువలన ఆ పేరు దూరప్రాంతములవారికిని పరిచితమే. దానితోడి ఊళ్లు పెనుగొలను, ఊటుకూరు, తునికిపాడు, మేడూరు, వినగడప. నిత్యము వినుటచే ఇవి చెవికి మామూలు మాటలైనవి. వీనిని పాఠముగా చదివినవారు అరుదు.

పెనుగొలను అనగా పెద్ద కొలను. ఊటుకూరులో ఊట వినబడుచున్నది. తునికిపాడులో తునికిచెట్టు కనబడుచున్నది. అయితే వినబడినదెల్ల సత్యము కాదు. గోపాలుని శిరమున పింఛముండుటచే ఊరికి నెమలి యని పేరు వచ్చెనని ఒక బాలుడు ఊహింపవచ్చును. ఊహ అందమైనదే, కాని అందము సాక్ష్యము కాజాలదు. శాసనమును, పాత దస్తావేజును, వృద్ధుల నోటిమాటను సరిచూడవలెను. భాషాశాస్త్రమునకు ఇంతకంటె సులభమైన ప్రవేశద్వారము వేరొకటి లేదు.

ఇది క్రొత్త యోచన కాదు. కర్నల్ మెకంజీ కొరకు కావలి సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి వృత్తాంతములు సేకరించిరి. ఆ కైఫీయతులే నేటికిని గ్రామచరిత్రలకు ఆధారములు. ఐర్లండులో 1830 తరువాత భూమికొలత శాఖ పక్షమున జాన్ ఓడొనొవన్ పల్లెపల్లెకు పోయి, పేర్లను ఐరిష్ పలుకువారి నోట విని వ్రాసికొనెను. 1845లో మొదలైన మహాక్షామము ఆ భాష పలుకువారిని లక్షలుగా హరించినది. కొంత ఆలస్యమైనచో అతనికి చెప్పువారే కరవైయుందురు.

ఇచ్చటను ఆ ప్రమాదము లేకపోలేదు. 2014లో సమీపమున రాష్ట్రపు హద్దు ఏర్పడినది. 2022లో కృష్ణాజిల్లా నుండి ఈ ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోనికి వచ్చినవి. ఇన్ని మార్పులలోను ఊరి పేరు నిలిచినది. కాని ఊరిలోపలి పేర్లకు అంత బలము లేదు. పొలమునకు సర్వే నంబరు చాలును; బావి పూడినచో దాని పేరును పూడును. ఇంగ్లీషు లిపినుండి తిరిగి తెలుగులోనికి వచ్చు పేర్లలో దీర్ఘములు, ళకారములు తారుమారగుచున్నవి.

పరీక్షల ఒత్తిడిలో దీనికి తీరిక యెక్కడిదని ఉపాధ్యాయులు అడుగవచ్చును. నెలకొక ఆదివారము, పాఠశాలకొక నోటుపుస్తకము చాలును. చెఱువు, దిబ్బ, డొంక, బావి, వీని పేర్లను పెద్దలు పలికినట్లే విద్యార్థులు వ్రాయవలెను. చెప్పిన కథను కథగాను, దొరికిన ఆధారమును ఆధారముగాను వేరుపరుపవలెను. దూరదేశముల రాజధానులు వల్లించు బాలుడు తన పొలముగట్టు పేరెరుగకుండుట విద్య కాదు. ఆ పేరు చెప్పగల తాత నేడు అరుగుమీదనే యున్నాడు. అడుగవలసిన దినము నేడే.