వైద్యవిద్యార్థి విషాదం – సత్త్వవిచారం

2016లో మహబూబ్‌నగర్‌లోను, 2024లో నారాయణపేటలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైన పిదప కోస్గి పరిసర గ్రామాల బిడ్డలకు వైద్యవిద్య చేరువైంది. సీటు వచ్చిన నాడు ఊరంతా సంతోషిస్తుంది. అదే బిడ్డ నిద్ర కరవై, దుఃఖం ఆపుకోలేక ఇంటికి ఫోను చేస్తే మాత్రం "మనోబలం లేదు, జపం చేసుకో" అని భక్తులైన పెద్దలే తేల్చివేస్తారు. ఇది శాస్త్రసమ్మతం కాదు.

చరకసంహిత విమానస్థానంలో రోగియందు పరీక్షించవలసిన పది అంశాలలో సత్త్వం, అనగా మనోబలం, ఒకటి. అది ప్రవరం, మధ్యమం, అవరం అని త్రివిధం. ఇది వైద్యుడు గ్రహించవలసిన స్వభావభేదమే గాని పాపపుణ్యాల తీర్పు కాదు. మధ్యమసత్త్వుడు ఇతరుల ఆలంబనంతో నిలదొక్కుకుంటాడని కూడా ఆచార్యుడు చెప్పాడు. మనలో అధికులం ఆ కోవవారమే కదా!

జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో వెలువరించిన నివేదికలో, సర్వేకు స్పందించిన ఎంబీబీఎస్ విద్యార్థులలో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నదని తెలిపారు. వీరందరూ భక్తిహీనులా? పీజీ వైద్యుల పని వారానికి 74 గంటలు మించరాదని అదే నివేదిక సూచించింది. ఆ భారాన్ని జపమాల తగ్గించదు.

గాండీవం జారిన అర్జునుని మాటలను శ్రీకృష్ణుడు ముందు పూర్తిగా విన్నాడు. తల్లిదండ్రులు కూడా ముందు వినాలి, పిదప మానసిక వైద్యుని చెంతకు తోడు వెళ్లాలి. అర్ధరాత్రియైనా 14416 టెలిమానస్ సంఖ్యకు ఉచితంగా ఫోను చేయవచ్చు. జపం మరునాడు ఉదయం చేసుకోవచ్చు.