సౌండు రాకపోతే తప్పంతా లినక్స్‌దేనా?



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఒక తీర్మానం దాదాపు పాసయిపోయింది. మన తెలుగు క్లాసుకు దాతలిచ్చిన ఆరు లాప్‌టాప్‌లను పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేసి, చందాలెత్తి కొత్తవి కొనాలట. కారణం? "సౌండు రావడం లేదు, లినక్స్ అంటే అంతే." ఈ మాట మేం ఒప్పుకోం.

సౌండు చిన్న విషయమని కొందరన్నారు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు కనబడటమే లేదు. మిగిలింది ఇంటి మాట, ఈ ఆదివారం క్లాసు. ల-ళ తేడా, న-ణ తేడా పుస్తకం చూస్తే రాదు, చెవిన పడితేనే వస్తుంది. పద్యం వినిపించలేని లాప్‌టాప్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఏం లాభం?

రిపేరు దుకాణంలో మూత కూడా తెరవకుండానే "బోర్డు పోయింది" అన్నారు. మరుక్షణమే "విండోస్ దొంగ కాపీ వేసిస్తాం, సరిపోతుంది" అన్నారు. బోర్డు పోతే విండోస్ వేసినా సౌండు ఎలా వస్తుందండీ? ఈ ప్రశ్న కమిటీలో ఒక్కరైనా అడగలేదు.

మేం ఇద్దరు కాలేజీ పిల్లల్ని పిలిచి ఒక సాయంత్రం కూర్చున్నాం. మూడింటిలో జబ్బే లేదు. వార్షికోత్సవం నాడు టీవీకి తగిలించినప్పుడు సౌండు దారి హెచ్‌డీఎంఐకి మార్చాం, మళ్లీ ఎవరూ వెనక్కి మార్చలేదు. సెట్టింగ్స్‌లో అనలాగ్ స్టీరియో ఎంచుకోగానే పలికాయి. ఇంకోదాంట్లో టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిస్తే స్పీకరు గీత కింద రెండు ఎంలు కనబడ్డాయి, అంటే మ్యూట్. ఎం మీట నొక్కితే పోయింది.

అయిదోది తమాషా. హెడ్‌ఫోను రంధ్రం పాడై, ఏమీ పెట్టకపోయినా పెట్టినట్టే అనుకుని స్పీకర్లను తనే ఆపేస్తోంది. అదే ఆల్సామిక్సర్‌లో ఆటో-మ్యూట్ అని ఒకటుంటుంది, దాన్ని ఆపేశాం. రంధ్రం ఇంకా పాడుగానే ఉంది, స్పీకర్లు మాత్రం మోగుతున్నాయి.

ఆరోదే మమ్మల్ని రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టింది. సెట్టింగ్స్‌లో "డమ్మీ అవుట్‌పుట్" తప్ప ఇంకేమీ లేదు. సౌండు కార్డు లినక్స్‌కు కనబడనే లేదన్నమాట. డీమెసేజ్‌లో వెతికితే సోఫ్ ఫర్మ్‌వేర్ దొరకలేదని రాసి ఉంది. ఈమధ్య ఇంటెల్ లాప్‌టాప్‌లు చాలావాటికి ఆ ఫైలు లేనిదే సౌండు లేదు. ఇందులో ఉన్నది పాత డెబియన్ 11, దాని మామూలు ఇన్‌స్టాలర్‌లో ఆ ఫైళ్లు రావు. నాన్-ఫ్రీ విభాగం చేర్చి ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్ ప్యాకేజీ ఎక్కించి రీబూట్ చేశాం. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలరే వాటిని తెచ్చుకుంటోంది.

లినక్స్‌కు తప్పే లేదని మేం అనం. "డమ్మీ అవుట్‌పుట్" అని రాసి ఊరుకుంటే మామూలు మనిషికి ఏం అర్థమవుతుంది? అది వాళ్లు దిద్దుకోవాల్సిందే. కానీ మ్యూట్ తీయకుండా లాప్‌టాప్‌ను పాత సామాన్లలో పడేయడం లినక్స్ తప్పా, మన తప్పా?

మాకు అయిన ఖర్చు నాలుగు టీలు. ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి, చందా ఎత్తాలనుకుంటే పిల్లల పుస్తకాలకు ఎత్తండి. వచ్చే ఆదివారం పదింటికి ఆరు లాప్‌టాప్‌లూ క్లాసు గదిలోనే ఉంటాయి. కమిటీ పెద్దలు తప్పక రావాలి, వచ్చేటప్పుడు హెడ్‌ఫోన్లు తెచ్చుకోనక్కర్లేదు.